గట్టు దాకా వెళ్ళి తిరిగి రావద్దు

తిరుమంగళంలో పుట్టాను, ఇక్కడి బడిలోనే పంతులుగా పనిచేశాను, ఇక్కడే ముసలివాణ్ణయ్యాను. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. మా వైపు మనవాళ్ళందరి బతుకూ ఇంతే. పడమటి కొండల మొదట్లో, వత్రాయిరుప్పు దాటాక, పిళవక్కల్ అనే చోట రెండు చిన్న జలాశయాలున్నాయి. వయసులో ఉన్నప్పటి నుంచీ అక్కడికి పోయి వస్తూనే ఉన్నాను. ఈమధ్య చెన్నై నుంచీ కోయంబత్తూరు నుంచీ సెలవులకు వచ్చే మనవలు "తాతా, జనం లేని చోటేదైనా ఉంటే చెప్పు, ఒక పూట పోయొస్తాం" అని అడుగుతున్నారు. దారి చెప్పడం రెండు మాటల పని. దారితో పాటు చెప్పవలసినవి ఇంకొన్ని ఉన్నాయి. అవి నాకు చాలా ఆలస్యంగా తెలిశాయి. వాళ్ళకు పెందలాడే తెలిస్తే బాగుండునని రాసి పెడుతున్నాను.

1. నీళ్ళు ఎవరివో తెలుసుకుని గట్టెక్కు.

పిళవక్కల్‌లో ఉన్నవి పెరియారు, కోవిలారు అనే రెండు కొండవాగుల మీద 1970ల్లో కట్టిన డ్యాములు. ఈ పెరియారు వేరు, కేరళ వైపున్న ముల్లైపెరియారు వేరు. పేరు కలవడంతో మావాళ్ళలోనే చాలామంది తికమకపడతారు. ముల్లైపెరియారు డ్యాము 1895లో పూర్తయింది. పడమటి సముద్రానికి పోయే నీటిని కొండ తొలిచి తూర్పుకు తిప్పి వైగైలో కలిపారు. ఆ నీళ్ళే 1959లో కట్టిన వైగై డ్యాములో నిలిచి, పేరనై దగ్గర చీలి, తిరుమంగళం కాలువలో పడి మా ఊరి వైపు వస్తాయి. వచ్చిన ఏడు వస్తాయి, రాని ఏడు రావు. ముల్లైపెరియారు మీద రెండు రాష్ట్రాల మధ్య కోర్టు వ్యాజ్యాలు నడిచాయి, పత్రికలు రోజూ రాశాయి. పిళవక్కల్ గురించి అలా రాసినవాళ్ళు లేరు. దానికి కొండ మీద కురిసిన వాన తప్ప వేరే ఆధారం లేదు. పెరియారు డ్యాము నిండు మట్టం 47.56 అడుగులు, కోవిలారుది 42.64 అడుగులు. ఆ కాసిని నీళ్ళను నమ్ముకుని కింద వత్రాయిరుప్పు చుట్టుపక్కల నలభై దాకా కణ్మాయిలు, అంటే చెరువులు, ఉన్నాయి. వాటి కింద వరి ఉంది, కొబ్బరి ఉంది, మామిడి ఉంది.

ఇదంతా తెలియకుండానే ఏళ్ళ తరబడి గట్టు మీద నిలబడి, అబ్బ, ఎంత బాగుందో అనుకుని తిరిగొచ్చాను. బడి పిల్లలను బస్సులో తీసుకెళ్ళినప్పుడూ అంతే. కొండ చూపించాను, నీళ్ళు చూపించాను, పులిహోర పొట్లాలు విప్పించాను, సాయంత్రానికి ఇళ్ళకు చేర్చాను. ఒకనాడు మేం గట్టు మీద ఉండగా ఒక రైతు సైకిలు మీద వచ్చాడు. స్టాండు వేసి, చెప్పులు విడిచి, నేరుగా కొలత రాయి దగ్గరికి నడిచాడు. నీటి అంచు ఏ అంకె మీద ఉందో వంగి చూశాడు. రాయి మీద అంతకుముందు తడిసిన జాడ ఎంత పైన ఉందో కూడా చూశాడు. వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకున్నాడు. కొండవైపు గానీ, మావైపు గానీ తల తిప్పలేదు. పోతూ పోతూ నాతో, "ఇంకొక తడికి వస్తాయి ఐయా, రెండో తడి మాత్రం దేవుడి దయ" అన్నాడు. పాఠం చెప్పవలసిన వాణ్ణి నేనైతే, చెప్పిపోయింది ఆయన. పిల్లల్లో ఒక్కరినైనా ఆ కొలత రాయి దగ్గరికి తీసుకెళ్ళి, ఈ అంకెకు అర్థమేమిటో ఆయన్నే అడగమని ఉండాల్సింది. ఆ పిల్లలు ఇప్పుడు పిల్లల తల్లిదండ్రులు. ఎదురుపడితే పిళవక్కల్ పులిహోరనే గుర్తు చేస్తారు.

2. దారిలో ఉన్న ఊళ్ళను కిటికీలోంచి దాటేయకు.

తిరుమంగళం నుంచి రాజపాళయం రోడ్డు పట్టుకుంటే టి. కల్లుపట్టి వస్తుంది, తర్వాత కృష్ణన్‌కోవిల్. అక్కడ కుడిచేతికి, అంటే పడమటికి, తిరిగితే వత్రాయిరుప్పు. కారున్నవాళ్ళు ఎక్కడా ఆగకుండా పోతారు. నాకు తోచినంతవరకు సగం చూడవలసింది ఈ దారిలోనే ఉంది.

టి. కల్లుపట్టిలో గాంధీ నికేతన్ ఆశ్రమం ఉంది, 1940లో మొదలైంది. జె.సి. కుమరప్ప తన చివరి సంవత్సరాలు ఈ ఊళ్ళోనే గడిపారు. తంజావూరులో 1892లో పుట్టి, విదేశంలో అకౌంట్లు చదివి, గాంధీతో చేరి, పల్లెల ఆర్థికం గురించి జీవితమంతా ఆలోచించిన మనిషి. 1960లో పోయారు. ఒకసారి తోడేస్తే మళ్ళీ పుట్టని బొగ్గు, పెట్రోలు వంటి వాటి మీద కట్టిన బతుకు ఒకటి, ఏటేటా మళ్ళీ వచ్చే వాటి మీద కట్టిన బతుకు మరొకటి అని ఆయన విడదీసి చెప్పారు. మొదటిది కొట్లాటకు దారి తీస్తుందన్నారు. పిళవక్కల్‌కు పోయే దారిలో ఈ మాట తలుచుకుంటే, కొండ మీద వాన, వాగు, కణ్మాయి, వరి, మళ్ళీ వాన అనే చుట్టు కళ్ళకు కడుతుంది. ఆ ఆశ్రమంలో ఒక అరగంట కూర్చుని వెళ్ళండి.

ఇంకొక సంగతి. ఈ దారి పొడుగునా ఉన్న నల్లరేగడిని తమిళంలో కరిసల్ అంటారు. మనవాళ్ళు నాయకరాజుల కాలంలోనూ అటుపైనా వచ్చి దున్నుకున్న నేల ఇది. పేరైయూరు, సాప్టూరు పాళెగాళ్ళు మన భాషవాళ్ళే. ఇడైసెవల్‌కు చెందిన కి. రాజనారాయణన్ ఈ వలస కథనే 1976లో 'గోపల్ల గ్రామం' అనే నవలగా తమిళంలో రాశారు. దాని తరువాయి భాగం 'గోపల్లపురత్తు మక్కళ్'కు 1991లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. మన ఇళ్ళల్లో అవ్వలు చెప్పిన కథలు మన భాషలో అచ్చుకెక్కకుండా తమిళంలో నిలిచాయి. ఆయన రుణం మనం ఎన్నటికీ తీర్చుకోలేం. ఆ పుస్తకం చదివి ఈ రోడ్డు మీద వెళ్ళేవాడికి కిటికీలోంచి కనిపించే ఒట్టి నేల ఒట్టి నేలగా కనిపించదు.

3. నీళ్ళు లేనప్పుడు కూడా ఒకసారి వెళ్ళు.

అందరూ ఐప్పసి, కార్తిగై అనే తమిళ నెలల్లో వానలు పడ్డాక, మార్గళి చలిలో వెళ్తారు. అది మంచి కాలమే. ఈ వైపు నైరుతి వానలు కొండ అవతలే చాలావరకు కురిసి ఆగిపోతాయి, మాకు దక్కేది ఈశాన్య వానే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కొండ తడిస్తే డ్యాములు నిండుతాయి. అది తప్పితే ఆ ఏడంతా తప్పినట్టే. కానీ చిత్తిరైలో, ఎండ మండిపోయేటప్పుడు, ఒకసారి వెళ్ళి చూడు. నిండుగా ఉన్నప్పుడు నీళ్ళు తమ కింద ఉన్నదంతా దాచిపెడతాయి. అడుగంటినప్పుడు జలాశయం తన లోపలి సంగతి చెబుతుంది. పగుళ్ళిచ్చిన మట్టి పెంకులు, వాటి అంచులు చాపలా పైకి చుట్టుకుని ఉంటాయి. ఆ పగుళ్ళలో తెల్లబడిన ఆల్చిప్పలు. ఒక్కో పెంకు ఎత్తి చూస్తే కింద ఇంకా తడి. ఆ మెత్తటి మట్టి కొండ మీద నుంచి వచ్చిన ఒండ్రు. ఏటేటా అంత మేర నీళ్ళుండవలసిన చోటు తగ్గిపోతూ వస్తుంది.

ఇలా అడుగు చూసేటప్పుడు ఒక పాత లెక్క పనికొస్తుంది. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఒకటి ఉంది. మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఆ చెరువు కట్టించాడు. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు ఆ రాతి మీద చెక్కించారు. ధర్మం తెలిసిన రాజు, నీటి శాస్త్రం తెలిసిన పండితుడు, గట్టి బంకనేల, దూరం నుంచి పారి వచ్చే తియ్యని నీటి ఏరు, ఆ ఏటికి తగిలే కొండ సందు, ఆ సందులో మరీ పొడవు కాని గట్టి రాతికట్ట, విశాలమైన లోతైన గర్భం, దగ్గర్లో మంచి రాయి దొరికే గని, కింద సారవంతమైన పొలం, పని తెలిసిన కూలీలు, ఇలా సాగుతుంది ఆ జాబితా. దోషాల్లో కట్ట ఊటెక్కడం, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండడం, గర్భం మధ్యలో మెరక, నీళ్ళు కొంచెమై పొలం ఎక్కువ కావడం, పొలం కొంచెమై నీళ్ళు ఎక్కువ కావడం. ఆరు వందల యాభై ఏళ్ళ కిందటి మాటలివి. ఈ లెక్క చేతిలో పెట్టుకుని ఎండిన పిళవక్కల్‌ను చూడు. కొండ సందు ఎక్కడుందో, ఇంజనీర్లు ఆ చోటే ఎందుకు ఎంచారో ఇట్టే తెలుస్తుంది. కొంచెం నీళ్ళకు ఎక్కువ పొలం అన్న ఐదో దోషం ఎక్కడ వేధిస్తోందో కూడా తెలుస్తుంది. ముల్లైపెరియారుకైతే రెండు రాజ్యాల సరిహద్దన్న దోషం అంటుకుంది. శాసనం రాసినవాడికి ఎంత ముందుచూపో!

ఈ పాఠంలోనే మా తరం చేసిన పొరపాటు కూడా చెప్పాలి. మా నాయన కాలంలో కణ్మాయి పూడిక ఎండాకాలంలో ఊరంతా కలిసి తీసేవారు. దాన్ని కుడిమరామత్తు అనేవారు. ఆ మట్టి ఎడ్లబండ్లలో పొలాలకు పోయేది, పొలానికి బలం, చెరువుకు లోతు. కరెంటు మోటార్లు వచ్చాక మేం బోర్ల వెనక పడ్డాం. ఎవరి బోరు వారిది, ఎవరి నీళ్ళు వారివి. కణ్మాయి ఎవరిదీ కాకుండా పోయింది. గర్భంలో సర్కారు తుమ్మ అల్లుకుపోయింది. మా అన్నదమ్ములం కూడా బోరు వేసుకున్నాం, ఆ రోజు మా ఇంట్లో పండగ. కొన్నేళ్ళకు పక్కవాడు ఇంకా లోతుకు వేశాడు, తర్వాత మేం ఇంకా లోతుకు. కుమరప్ప చెప్పిన మొదటి రకం బతుకులోకి, రెండో రకం నేల మీద నిలబడే దిగిపోయాం. 2017లో ప్రభుత్వం కుడిమరామత్తును మళ్ళీ పథకంగా తెచ్చింది. మంచిదే. కానీ పొద్దున్నే చద్దిమూట కట్టుకుని తన వంతు పారతో వచ్చే అలవాటును ఏ పథకమూ ఒక్కసారిగా తిరిగి తేలేదు.

4. అడవి అంచున మనం అతిథులం.

పిళవక్కల్ వెనక కొండ శ్రీవిల్లిపుత్తూరు బూడిదరంగు పెద్ద ఉడుతల అభయారణ్యంలోనిది. 1988లో దాన్ని అభయారణ్యం చేశారు. 2021లో మేఘమలై అభయారణ్యంతో కలిపి పులుల సంరక్షణ కేంద్రంగా ప్రకటించారు. డ్యాము నీళ్ళు రైతుకు ఎంత అవసరమో ఏనుగులకూ అంతే. పొద్దుగూకాక అవి దిగుతాయి. దారిలో ఉన్న కొబ్బరి మొక్కలను పీకి మొవ్వు తింటాయి, మామిడి కొమ్మలు విరుస్తాయి. తోటల్లో కాపలా ఉండే ఒక తెలుగు అవ్వను పరిచయం చేసుకున్నాను. "ఏనుగుకి ఏమి తెలుసును నాయనా, దాని తాత నడిచిన దోవ అది, మన తోట నిన్న వచ్చె" అంది. ఏనుగు తన పదేళ్ళ చెట్టు కూల్చేసిన మర్నాడు అన్న మాట అది. సాయంత్రం నాలుగైదు గంటలకల్లా గట్టు దిగి వెనక్కి బయలుదేరండి. చీకటి పడేదాకా సూర్యాస్తమయం చూస్తూ కూర్చోవలసిన చోటు కాదు.

అదే కొండల్లో చతురగిరి ఉంది. సుందరమహాలింగస్వామిని చూడడానికి అమావాస్యకూ పున్నమికీ జనం తాణిప్పారై మీదుగా ఎక్కుతారు. 2015 మే నెలలో అక్కడ వాగులకు ఒక్కసారిగా వరద వచ్చి భక్తులు కొట్టుకుపోయి చనిపోయారు. మే నెల, నడివేసవి. కింద ఎండ కాస్తుండగానే పైన కురిసిన వాన క్షణాల్లో కిందికి దూకుతుంది. కొండ మీద మబ్బు కమ్మితే వాగు ఇసుకలో కూర్చుని తినడం మానండి, ఎంత పొడిగా ఉన్నా.

5. కదలని నీటిని నమ్మకు.

ఇది క్లుప్తంగానే చెబుతాను, ఎక్కువ చెప్పడానికి మనసు రాదు. జలాశయంలో ఒడ్డు ఉన్నట్టుండి తెగిపోతుంది. అడుగున ఒండ్రు కాలిని పట్టుకుంటుంది. తూము దగ్గర పైకి కనబడని లాగుడు ఉంటుంది. ఈత వచ్చినవాళ్ళు కూడా పోతారు. నేను చదువు చెప్పిన పిల్లవాడొకడు ఇలాగే ఒక డ్యాములో, ఇది కాదు ఇంకొకటి, స్నేహితులతో దిగి తిరిగి రాలేదు. నీళ్ళు చల్లగా ఉన్నాయి, చేతులు కడుక్కోండి, ముఖం కడుక్కోండి. దిగవద్దు.

6. మంచి చోటును లోకానికి చెప్పేముందు ఆ ఊరిని అడుగు.

వత్రాయిరుప్పు నుంచి డ్యాముకు పోయే దారిలో కూమాపట్టి ఉంది. కొబ్బరితోటల మధ్య కుదురుగా ఉండే ఊరు. 2025 జూన్‌లో ఆ ఊరి అందాన్ని పొగుడుతూ ఒక కుర్రవాడు చేసిన చిన్న వీడియో తమిళనాడంతా ఫోన్లలో పాకిపోయింది. సొంత ఊరి మీద ప్రేమతో చేసిన పని, ఆ కుర్రవాణ్ణి నేను తప్పుపట్టను. కానీ ఎక్కడెక్కడి నుంచో బండ్లేసుకుని జనం వచ్చారు. జూన్‌లో పిళవక్కల్‌లో ఏముంటుంది? వాన ఇంకా నాలుగు నెలలు. వీడియోలో చూసింది కనబడక కొందరు విసుక్కున్నారు, ఉన్న కాసిని నీళ్ళలోకి దిగుదామని కొందరు వచ్చారు. డ్యాములోకి రావద్దని అధికారులు ప్రకటించవలసి వచ్చింది.

దీని మీద నాకు కోపం కంటే దిగులు ఎక్కువ. చోటు దాచుకుంటే అది స్వార్థం. చాటితే చోటు చెడుతుంది. ఈ రెంటి మధ్య ఏం చేయాలో చాలాకాలం తేల్చుకోలేకపోయాను. ఇప్పుడు నాకున్న అభిప్రాయం ఇది: చెప్పు, కానీ మనిషికి మనిషిగా చెప్పు. వినేవాడు ఎవరో నీకు తెలిసి ఉండాలి. నీళ్ళెప్పుడుంటాయో, ఎప్పుడుండవో, ఎవరి పొలం గట్టు మీదుగా నడవాలో, సీసా పగలగొడితే ఏమవుతుందో కూడా చెప్పు. సీసా సంగతి ఎందుకంటున్నానంటే, కాలువలో పడిన గాజుపెంకు నీళ్ళతో పాటు మడిలోకి పోతుంది. నాట్లు వేసే ఆడకూతుళ్ళు వట్టికాళ్ళతో, బురదలో, కళ్ళకు కనబడని చోట అడుగు పెడతారు. అలా తెగిన అరికాలికి పసుపు అద్ది పాతగుడ్డ చుట్టుకుని, మళ్ళీ మడిలోకే దిగిన మనిషిని చూశాను. ఆ పూట కూలి పోగొట్టుకోలేక దిగింది. గట్టు మీద సీసా విసిరినవాడు ఆమెను ఎప్పుడూ చూడడు.

ఉద్యానం, దుకాణాలు, పడవలు ఉంటే ఊరికి నాలుగు డబ్బులొస్తాయని వాదించేవాళ్ళున్నారు. వాళ్ళ మాట కొట్టిపారేయను. కూమాపట్టిలో టీ కొట్టు పెట్టుకున్నవాడికి ఆ జూన్ మంచి జూనే. అయితే ఆ నిర్ణయం కణ్మాయి కింద సాగు చేసేవాళ్ళతో కలిసి కూర్చుని తీసుకోవాలి. కొండచరియ, ఏనుగు దోవ, తూము పని కాలం, ఇవన్నీ వాళ్ళకు తెలిసినంత బయటివాళ్ళకు తెలియవు.

7. నీళ్ళతో పాటు కిందికి నడువు.

ఇది నేను అన్నిటికంటే ఆఖరున నేర్చుకున్నది, పదవీ విరమణ తర్వాత. గట్టు ఎక్కి, చూసి, దిగి ఇంటికి రావడం తప్ప వేరే ఆలోచన అప్పటిదాకా నాకు లేదు. ఒకసారి తూము ఎత్తిన మర్నాడు వెళ్ళాను. కాలువ గట్టున నీళ్ళు ఎటు పోతే అటు నడుద్దామనిపించింది. కొత్తనీరు ముందు నురుగునూ ఎండుటాకులనూ తోసుకుంటూ పోతుంది, దాని ముందు చీమలు, పురుగులు ఒడ్డెక్కుతుంటాయి. వాటికోసం కొంగలు ఒకదాని వెనక ఒకటి కాలువ వెంటే దిగుతూ వస్తాయి. మొదటి కణ్మాయి నిండితే కలుంగు మీదుగా, అంటే మన అలుగు మీదుగా, పొర్లి రెండోదానికి పోతుంది. రెండోది నిండితే మూడోదానికి. పైవాడు కలుంగు మీద నాలుగు రాళ్ళు అడ్డం పేర్చి ఎత్తు పెంచుకుంటే కిందివాడికి ఒక పంట పోతుంది. ఈ వైపు ఊళ్ళ తగాదాల్లో ఎన్నో ఆ నాలుగు రాళ్ళ దగ్గరే మొదలయ్యాయి.

రెండో కణ్మాయి కింద నీరుకట్టి ఒకాయన కనిపించాడు. నీళ్ళను మళ్ళకు పంచి పెట్టడం ఆయన పని, తాతల నాటి నుంచి వస్తున్నది. కోతల కాలంలో రైతులు ఇంత వడ్లు కొలిచి ఇస్తారు. సొంతానికి సెంటు మడి లేదు. చేతిలో పార, లుంగీ మోకాళ్ళ పైకి కట్టి, మడవ దగ్గర నిలబడి ఉన్నాడు. ఒక పారెడు బురద తీశాడు, నీళ్ళు సన్నగా లోపలికి జారాయి. కాసేపు చూశాడు. కాలి బొటనవేలితో ఇంకొంచెం గండి పెద్దది చేశాడు. మళ్ళీ చూశాడు. మడి చివర నీళ్ళు తాకిన చోటు నుంచి ఒక కప్ప ఎగిరింది, అది చూసి బురద ముద్దతో, గుప్పెడు గడ్డితో గండి మూసేశాడు. ఇంకా చాలా మడికి నీళ్ళు చేరలేదు కదా అని అడిగాను. "పారేది ఆగినా లోపల ఉన్నది నడుస్తుంది ఐయా. నిండేదాకా ఉంచితే చివరి మడికి మిగలదు" అన్నాడు. పగలే కాదు, రాత్రి కూడా లాంతరుతో తిరుగుతాడట. ఎవరి వంతు ఎప్పుడో ఏ కాగితం మీదా లేదు, ఆయన తలలో ఉంది. నీళ్ళు తక్కువైన ఏడు అందరికీ సగం సగం ఎలా పెట్టాలో చెప్పాడు, వింటుంటే పొద్దు తెలియలేదు. కొడుకు తిరుప్పూరులో బనియన్ల కంపెనీలో ఉన్నాడని, ఈ పనికి రాడని కూడా చెప్పాడు. ఆ లెక్కలు అప్పుడే రాసి పెట్టుకోవలసింది. మళ్ళీ వెళ్ళేసరికి ఆయన లేడు.

అదే మాగాణి పక్కన అర్జునాపురం ఉంది, నల్లతంగాళ్ గుడి ఉన్న ఊరు. కరువు వచ్చి, ఏడుగురు పిల్లలతో అన్న ఇంటికి చేరి, వదిన ఆదరించకపోతే పిల్లలను బావిలో వేసి తానూ దూకిన ఆడపడుచు కథ అది. తమిళులు పాటగా పాడుకుంటారు, మా అవ్వలు తెలుగులో చెప్పి ఏడ్చేవారు. అక్కడికి కాస్త దూరంలోనే శ్రీవిల్లిపుత్తూరు. కృష్ణదేవరాయలు 'ఆముక్తమాల్యద' మొదటి ఆశ్వాసంలో ఆ ఊరి మాగాణి కాలువల్లో రెక్కల్లో తల దూర్చి నిద్రపోయే బాతులను వర్ణించాడు. తెల్లవారుజామున స్నానం చేసిన బ్రాహ్మలు పిండి మరిచిపోయిన పంచెలనుకుని తలారులు వాటిని తీసి ఇవ్వడానికి నీళ్ళలోకి దిగుతారు, బాతులు లేచి పరిగెత్తుతాయి, చేను కాసే ఆడవాళ్ళు నవ్వుతారు. నీళ్ళున్న ఏడు రాయలకు కనిపించినది, నీళ్ళు లేని ఏడు నల్లతంగాళ్‌కు జరిగినది, రెండూ ఈ కొండల కింద, ఈ నీళ్ళ చుట్టూ పుట్టిన కథలే. బడిలో ఆముక్తమాల్యద గురించి చెప్పాను, నల్లతంగాళ్ కథా చెప్పాను. రెంటినీ ఒకే కాలువ గట్టు మీద నిలబెట్టి చెప్పాలని మాత్రం తోచలేదు.

మిగిలిన నీళ్ళు అర్జునా నది పేరుతో తూర్పుకు పోతాయి. ఆనైకుట్టం జలాశయం, ఆపైన గొల్వార్పట్టి జలాశయం. తర్వాత ఇరుక్కన్‌కుడిలో మారియమ్మ గుడి పక్కన వైప్పారులో కలుస్తాయి. ఆ గుడి రెండు నదుల నడుమ ఉంది. ఆడి నెల చివరి శుక్రవారం అక్కడికి లక్షలమంది నడిచి వస్తారు, మనవాళ్ళూ మొక్కు చెల్లించుకోవడానికి పోతారు. ఆ రోజుల్లో నదంతా ఇసుకే ఉంటుంది. మంచి వానలు పడిన ఏడు కార్తిగైలో వెళ్తే రెండు వైపులా ఎర్రనీళ్ళు పారుతుంటాయి, అక్కడి నుంచి మన్నారు సింధుశాఖకు పోతాయి.

మనవలకు నేను చెప్పే దారి ఇదే ఇప్పుడు. పొద్దున్నే టి. కల్లుపట్టిలో టిఫిను. గట్టు మీద ఒక గంట, ఎక్కనిస్తే. కొలత రాయి మీద అంకె చూసుకుని, కాలువ వెంట మొదటి కణ్మాయి దాకా నడక, ఓపిక ఉంటే రెండోదాని దాకా. సంచిలో ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. నీరుకట్టి ఎవరైనా కనిపిస్తే కూర్చోబెట్టి ఎవరి వంతు ఎప్పుడు, నీళ్ళు సగమే వచ్చిన ఏడు ఎలా పంచుతారు అని అడగండి. ఆయన చెప్పింది చెప్పినట్టు, ఆయన తమిళంలోనే, రాసుకు రండి. తెలుగులోకి నేను మారుస్తాను.